ఆ వాదం పేగుపూతకు చెల్లదు

కొన్నేళ్ల కిందట బార్బరా ఎరెన్‌రైక్ పుస్తకం ‘నేచురల్ కాజెస్’ గురించి ఇక్కడే రాశాను. 2018లో వచ్చిన పుస్తకం. మెచ్చుకుంటూ రాశాను, కాస్త ఎక్కువగానే మెచ్చుకున్నానని ఇప్పుడు మళ్లీ చదువుకుంటే తెలుస్తోంది. ఆసుపత్రి నుంచి వచ్చే ప్రతి ఉత్తరానికీ తలవంచనక్కర లేదని చెప్పే ధైర్యం ఈ పుస్తకంలో ఉంది, అన్న వాక్యం నాదే. మొన్న ఫిబ్రవరిలో ఒక పాఠకుడు ఫోన్ చేసి ఆ వాక్యాన్ని నాకే తిరిగి వినిపించారు.

ఆయన ఇంగ్లండులోనే, మా ఊరికి రెండు గంటల ప్రయాణ దూరంలో ఉంటారు. నలభై ఎనిమిదేళ్లు. పద్దెనిమిదేళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్, అంటే మన పత్రికలు పేగుపూత అని రాసే జబ్బు. అందులోనూ పెద్దపేగు పొడవునా వ్యాపించిన రకం. వాళ్ల ఆసుపత్రి రెండుసార్లు కొలనోస్కోపీకి పిలిచింది. రెండుసార్లూ రానని రాసేశారు. “మీరు చెప్పిన పుస్తకమే నాకు ధైర్యమిచ్చింది డాక్టర్ గారూ” అన్నారు. ఎంతో కృతజ్ఞతగా అన్నారు. ఆ కృతజ్ఞత నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఆయన అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను.

ఎరెన్‌రైక్ మీద నాకు కోపం లేదు. 2022లో ఆమె పోయినప్పుడు బాధపడినవారిలో నేనూ ఉన్నాను. ఆమె మాటను ఆమె చెప్పని చోటికి మోసుకుపోయి, ఆమె ఉద్దేశించని మనుషుల చేతిలో పెడుతున్నవారితోనే నా పేచీ. ఆ వరసలో మొదటి ముద్దాయిని నేనే.

ఆ పుస్తకంలో ఆమె ఏమన్నారో ముందు చూద్దాం. ఎరెన్‌రైక్ పేరు జర్నలిస్టుగా మోగింది గాని, ఆమె 1968లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో కణ స్థాయి రోగనిరోధక శాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్న మనిషి. రొమ్ము క్యాన్సర్ వచ్చి, చికిత్స చేయించుకుని, ఆ అనుభవం మీద పదునైన వ్యాసం రాసిన మనిషి. డెబ్బై దాటాక ఆమె ఒక లెక్క వేసుకున్నారు: నాకు చావదగిన వయసు వచ్చింది, ఒంట్లో ఏ బాధా లేకపోయినా ఎక్కడో ఏదో దాగి ఉందేమోనని వెతికే పరీక్షలకు ఇకమీదట వెళ్లను అని. మామోగ్రాములు, ఏటేటా జరిపే సాధారణ తనిఖీలు, కొలనోస్కోపీలు, వాటి వెనక నడిచే వ్యాపారం, రోగిని వస్తువుగా చూసే ఆసుపత్రి తంతు, వీటన్నిటినీ ఏకిపారేశారు. అందులో ఎనభై పాళ్లు నిజం. అమెరికా వైద్యం గురించి తొంభై పాళ్లు నిజం.

కానీ ఆ తీర్మానం ఎవరిది? డెబ్బై దాటిన మనిషిది. ఒంట్లో బాధ లేని మనిషిది. పేగులో ఏ జబ్బూ లేని మనిషిది. నలభై ఎనిమిదేళ్ల వయసులో, పద్దెనిమిదేళ్లుగా పుండై మానుతూ మళ్లీ పుండవుతున్న పేగు ఉన్న మనిషికి ఈ మూడింటిలో ఒక్కటీ వర్తించదు. ఆరోగ్యంగా ఉన్నవారిలో జబ్బు కోసం వెతకడం స్క్రీనింగ్. జబ్బున్నవారిలో ఆ జబ్బు దారి తప్పుతోందా అని కనిపెట్టి ఉండటం నిఘా. గొట్టం ఒకటే, గది ఒకటే, తాగవలసిన ఆ దరిద్రపు మందూ ఒకటే. అంతమాత్రాన పని ఒకటి కాదు. ఊరందరి ఇళ్లలో దొంగల కోసం సోదా చేయడం వేరు, రెండుసార్లు నిప్పంటుకున్న గడ్డివాము పక్కన కాపలా పడుకోవడం వేరు.

ఇక్కడ నాకు మరీ విడ్డూరంగా తోచేదొకటుంది. ‘నేచురల్ కాజెస్’లో రెండు పుస్తకాలున్నాయి. మొదటిది అందరూ చదివేది, నేనూ మెచ్చుకున్నది: వైద్యుల మీద తిరుగుబాటు. రెండవది అంత సులభంగా మింగుడుపడదు. మన ఒంట్లోని రక్షకభటులనుకునే మాక్రోఫేజ్ కణాలు క్యాన్సర్‌ను చంపడం మాట అటుంచి, కొన్నిసార్లు దానికి అన్నం పెట్టి, దారి చూపి, పెంచుతాయన్న సంగతి ఎరెన్‌రైక్‌ను కుదిపేసింది. ఒళ్లంతా ఒక్కమాట మీద నడిచే సామరస్య రాజ్యం కాదనీ, మన రోగనిరోధక వ్యవస్థే మనకు ఎదురు తిరగగలదనీ ఆమె పేజీలకు పేజీలు రాశారు. పేగుపూత అంటే సరిగ్గా అదే. బయటి శత్రువు లేకుండానే ఇంటి కావలివాళ్లు ఇంటికి నిప్పు పెట్టడం. ఆ పుస్తకం రెండవ సగం చదివినవారెవరూ పేగుపూత ఉన్న మనిషికి మొదటి సగాన్ని మందుగా ఇవ్వలేరు. నేను చదివాను. సమీక్షలో ఆ సగం గురించి నాలుగు వాక్యాలు రాసి ఊరుకున్నాను, పాఠకుడికి విసుగొస్తుందని.

పేగుపూతలో క్యాన్సర్ రాగలదన్న సంగతి కొత్తది కాదు. తన పేరు మీద ఇంకో పేగుజబ్బు మిగిలిపోయిన న్యూయార్క్ వైద్యుడు బరిల్ క్రోన్, రోజెన్‌బర్గ్‌తో కలిసి 1925లోనే అటువంటి రోగి గురించి రాశాడు. 1967లో లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో మోర్సన్, పాంగ్ అనే ఇద్దరు పాథాలజిస్టులు మరో అడుగు వేశారు: క్యాన్సర్ రాకముందే పేగు పొరలో కణాలు వికారంగా మారతాయి, చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే ఆ మార్పు కనిపిస్తుంది అని. దానినే డిస్‌ప్లేసియా అంటున్నాం.

ఆ రోజుల్లో జరిగేదేమిటో ఇప్పుడు చాలామందికి తెలియదు. పేగు పొడవునా పూత ఉండి పదేళ్లు దాటితే, క్యాన్సర్ ఉందో లేదో తెలియకపోయినా, ముందు జాగ్రత్తగా పెద్దపేగు మొత్తం తీసేయమని సలహా ఇచ్చేవారు. పొట్ట మీద సంచితో మిగతా జీవితం. వందమందికి ఆ శస్త్రచికిత్స చేస్తే, అందులో ఎక్కువమంది ఏనాటికీ క్యాన్సర్ రానివారే. 1970ల్లో వంగే కొలనోస్కోపు చేతికొచ్చాక సెయింట్ మార్క్స్ వంటి చోట్ల నిఘా పద్ధతి మొదలైంది. పేగు తీసేయకుండా కళ్లారా చూస్తూ, ముక్కలు తీసి పరీక్షిస్తూ, అవసరమైనవారికి మాత్రమే కత్తి పెడదామని. అంటే ఈ పరీక్ష అతివైద్యానికి ఉదాహరణగా పుట్టలేదు. అతివైద్యాన్ని ఆపడానికి పుట్టింది. ఈ చరిత్ర తెలియనివారే దీనిని మామోగ్రాముతో ఒక గాటన కట్టి తిడతారు.

ఇక అంకెలు. నాకు ఫోన్ చేసిన మిత్రుడు అంకెల మనిషి. “శాతాలు చెప్పకండి, వందమందిలో ఎంతమందో చెప్పండి” అన్నారు. జర్మన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త గెర్డ్ గిగెరెంజర్ పుస్తకాలు చదివినవారు అడగవలసిన తీరు అదే. 2001లో ఈడెన్, ఆమె సహచరులు అప్పటి అధ్యయనాలన్నీ కలిపి లెక్క కట్టారు: పేగుపూత ఉన్న వందమందిలో పదేళ్లకు ఇద్దరు, ఇరవై ఏళ్లకు 8 మంది, ముప్పై ఏళ్లకు 18 మంది పెద్దపేగు క్యాన్సర్ బారిన పడతారని. భయం గొలిపే అంకెలు. వీటినే ఇప్పటికీ కొందరు వైద్యులు రోగుల ముందు బెత్తంలా ఝళిపిస్తారు. అది తప్పు. పెద్ద ఆసుపత్రులకు చేరే బరువైన కేసుల నుంచి వచ్చిన లెక్కలు అందులో చాలా ఉన్నాయి. 2006లో సెయింట్ మార్క్స్ వారు తమ ముప్పై ఏళ్ల నిఘాలో ఉన్న 600 మంది లెక్క ప్రచురించారు. వాళ్లందరికీ పేగులో చాలా మేర పూత ఉంది. ఇరవై ఏళ్లకు వందలో రెండు మూడు, ముప్పై ఏళ్లకు ఏడెనిమిది, నలభై ఏళ్లకు 11. 2012లో డెన్మార్క్ దేశవ్యాప్త లెక్క ఇంకా ఊరటనిచ్చింది: మొత్తం మీద చూస్తే పేగుపూత రోగులకు మామూలు జనం కంటే ముప్పు పెద్దగా ఎక్కువ లేదు. అయితే చిన్న వయసులో జబ్బు మొదలైనవారికి, చాలా ఏళ్లుగా ఉన్నవారికి, దానితో పాటు పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బున్నవారికి ముప్పు ఎక్కువే.

“చూశారా, తగ్గుతూ వస్తోంది కదా!” అన్నారు మిత్రుడు. తగ్గుతోంది. మంచి మందులు, మంచి నిఘా, ఏది ఎంత కారణమో విడదీయడం కష్టం. కానీ డెన్మార్క్ లెక్కలో చివరి వాక్యం మళ్లీ చదవండి అన్నాను. ముప్పై ఏళ్ల వయసులో మొదలై, పేగంతా పాకి, పద్దెనిమిదేళ్లు గడిచిన మనిషి సగటులో దాక్కోలేడు. ఆ అల్పసంఖ్యాకుల కోసమే ఈ నిఘా.

2022 అక్టోబరులో వచ్చిన నోర్డిక్ ప్రయోగాన్ని కూడా ఆయన నా మీదికి విసిరారు. పోలండ్, నార్వే, స్వీడన్‌లలో 55 నుంచి 64 ఏళ్ల వయసున్న 84,585 మంది. కొందరిని కొలనోస్కోపీకి పిలిచారు, మిగతావారిని పిలవలేదు. పదేళ్ల తర్వాత క్యాన్సర్ వచ్చినవారు పిలిచిన గుంపులో నూటికి 0.98, పిలవని గుంపులో 1.20. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ‘కొలనోస్కోపీ దండగ’ అని పత్రికలు గొంతెత్తాయి. పిలిచినవారిలో అసలు వెళ్లింది నూటికి 42 మందే అన్న సంగతి చాలా కథనాల్లో అడుక్కి పోయింది. పోనీ, అది కూడా వదిలేద్దాం. ఆ ప్రయోగం జనాభా పట్టికలోంచి తీసుకున్న మామూలు మనుషుల మీద జరిగింది. వారిలో క్యాన్సర్ చాలావరకు పాలిప్ నుంచి, అంటే పేగు గోడ మీద మొలకెత్తిన చిన్న బుడిపె నుంచి, ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. ఆ బుడిపె కంటికి ఆనుతుంది, తీసేస్తే కథ ముగుస్తుంది. పేగుపూతలో అలా కాదు. ఏళ్ల తరబడి కాలిన నేల అంతా ఒకేసారి చెడి ఉంటుంది. చెడ్డ కణాలు బుడిపెగా లేవకుండా చదునుగా, మచ్చలా పరుచుకుంటాయి. జన్యువులు చెడే వరసే వేరు: మామూలు పాలిప్‌లో చివరికి చెడే పి53 ఇక్కడ మొదట్లోనే చెడుతుంది. పదేళ్లకోసారి చూస్తే చాలన్న లెక్క ఆ బుడిపె నెమ్మదితనం మీద నిలబడింది. ఆ నెమ్మదితనం ఇక్కడ లేదు.

ఇంతవరకు రాసి ఆపేస్తే నేను కూడా కరపత్రం రాసినవాణ్ణే అవుతాను. రెండవ తట్టలో ఏముందో నా చేతులకు తెలుసు.

ఇరవై రెండేళ్ల కిందటి మాట. శిక్షణ చివరి ఏడాదిలో ఉన్నాను. డెబ్బై దగ్గర పడ్డ ఒక బ్రిటిష్ ఆవిడ, పేగుపూత తిరగబెట్టి వార్డులో చేరింది. వారం రోజులుగా పెద్ద మోతాదులో స్టెరాయిడ్లు. ఆ రోజు పట్టికలో ఆమె పేరు పక్కన కొలనోస్కోపీ అని రాసి ఉంది. ఎవరు రాశారో, ఎందుకు రాశారో నేను అడగలేదు. రెక్టం చూసి, ఒక మూల దాకా పోయి, ముక్క తీసుకుని ఆగిపోతే ఆమె చికిత్సకు కావలసిన జవాబు దొరికేది. నేను ఆగలేదు. చివరి దాకా వెళ్లడం ఆ వయసులో నాకు ప్రతిష్ఠ. మర్నాడు ఆవిడ కొంచెం నలతగా ఉందన్నది, అంతే. పొట్ట తడిమితే మెత్తగానే ఉంది. స్టెరాయిడ్లు వాడేవారిలో పేగుకు చిల్లు పడినా పొట్ట బిగుసుకోదన్న పాఠం పుస్తకంలో చదివి ఉన్నాను, చేతికి తెలియలేదు. ఎక్స్‌రేలో డయాఫ్రం కింద గాలి. అర్ధరాత్రి పేగు తీసేశారు. ఆవిడ బతికింది, సంచితో. ఆరు నెలల తర్వాత క్లినిక్‌లో నన్ను చూసి, “నువ్వు బాగా అలిసిపోయినట్టున్నావు” అంది. ఆ మాట ఇప్పటికీ నాకు వినబడుతూనే ఉంటుంది.

కాబట్టి చిల్లు అనేది నాకు అంకె కాదు. అయినా అంకె చెప్పాలి. ముక్కలు తీయడం తప్ప వేరే పని లేని మామూలు కొలనోస్కోపీలో పేగుకు చిల్లు పడేది వెయ్యి నుంచి రెండు వేల మందిలో ఒకరికి. పెద్ద పాలిప్ కోసినా, క్రోన్స్ వ్యాధిలో ఇరుకైన పేగును బెలూన్‌తో సాగదీసినా ఆ లెక్క మారిపోతుంది, బాగా పెరుగుతుంది. మిత్రుడు ఇంటర్నెట్‌లో చూసిన అంకె వేరు: పేగుపూత ఉన్నవారిలో నూటికి ఒకరికి చిల్లు, మిగతావారికంటే దాదాపు రెట్టింపు ముప్పు! అది అబద్ధం కాదు. 2011లో వచ్చిన అమెరికా అధ్యయనం. కానీ అది ఆసుపత్రిలో చేరి, మంచాన ఉన్న రోగుల లెక్క. అక్కడ పేగుపూత లేని ఇన్‌పేషెంట్లకే నూటికి సగం మించి చిల్లులున్నాయి. వాళ్లంతా నా ఆవిడ లాంటివారు: ఒళ్లు కాలుతున్న వేళ, స్టెరాయిడ్ల మధ్య పరీక్షకు వెళ్లినవారు. జబ్బు అణిగి ఉన్న వేళ ఇంటి నుంచి నడిచి వచ్చి, సాయంత్రానికి నడిచి వెళ్లే మనిషికి ఆ అంకె తగిలించడం, తుఫాను నాటి మునకల లెక్క చూపించి వేసవిలో ఏరు దాటవద్దనడమే.

అసలు విషయం ఇక్కడుంది. ప్రమాదం గొట్టంలో కంటే వేళలో ఎక్కువుంది. జబ్బు తీవ్రంగా రేగినప్పుడు పూర్తి కొలనోస్కోపీ చేయకూడదు. పేగు శుభ్రం చేసే మందు కూడా ఇవ్వకుండా, చివరి భాగం మాత్రం జాగ్రత్తగా చూసి ఆగాలి. క్యాన్సర్ నిఘా అంటారా, అది జబ్బు అణిగాకే. రేగిన పేగులో మంట వల్ల మారిన కణాలేవో, చెడిపోయిన కణాలేవో పాథాలజిస్టు కూడా తేల్చలేడు. కాబట్టి తొందరపడితే అపాయమూ ఎక్కువే, ఫలితమూ తక్కువే. తాగే మందు విషయంలోనూ ఎంపిక ఉంది. సోడియం ఫాస్ఫేట్ మాత్రల వల్ల మూత్రపిండాలు దెబ్బతినవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో తీవ్ర హెచ్చరిక చేసింది. పైగా ఆ మందే పేగులో చిన్న పుండ్లు పుట్టించి, క్రోన్స్ వ్యాధేమోనని భ్రమ పెట్టగలదు. పాలిథిలీన్ గ్లైకాల్ రకం లీటర్ల కొద్దీ తాగాలి, రోత పుడుతుంది, కానీ పేగుపూతకు అదే నయం.

ఇప్పుడు నా సొంత వృత్తి వంతు. ఎరెన్‌రైక్ మా మీద కోపగించడానికి కారణం మేమే సమకూర్చాం. ఏటా, మూడేళ్లకు, అయిదేళ్లకు అని మార్గదర్శకాలు చెప్పేది మనిషి ముప్పును బట్టి. మా చేతిలో అది క్యాలెండరు అయిపోతుంది. కంప్యూటరు ఉత్తరం పంపుతుంది, ఎందుకో అందులో ఉండదు. ప్రమాదాల సంగతి చెప్పేది ఎప్పుడు? గౌను తొడిగి, చేతికి సూది గుచ్చి, ట్రాలీ మీద పడుకోబెట్టాక. సంతకం చేయమంటాం. రెండు రోజులు పస్తుండి, రాత్రంతా బాత్‌రూములో గడిపినవాడు ఆ క్షణంలో వద్దంటాడా? రోగి స్థానంలో ఉన్న మనిషి ఏ ప్రమాదాన్ని ముఖ్యమనుకుంటాడో అది ముందే చెప్పి తీరాలని బ్రిటన్ సుప్రీంకోర్టు మాంట్‌గొమరీ కేసులో 2015లో తేల్చింది. ఆ తీర్పు కాపీ మా ఆఫీసుల్లో ఉంది. ట్రాలీ పక్కన లేదు.

ఇంకో లోపం, మరింత లోతైనది. చేసిన పరీక్ష సరిగా చేశామా? సెయింట్ మార్క్స్ 600 మందిలో క్యాన్సర్ వచ్చినవారు 30 మంది. అందులో 16 మందిది రెండు పరీక్షల మధ్య కాలంలో బయటపడినది. నిఘాలో ఉండగానే! పేరున్న చోటే ఇలా ఉంటే మామూలు ఆసుపత్రి మాటేమిటి? పాత పద్ధతిలో పది సెంటీమీటర్లకు నాలుగు చొప్పున, గుడ్డిగా ముప్పై పైచిలుకు ముక్కలు తీసేవారు. 2004లో అదే ఆసుపత్రిలో వందమంది నుంచి అలా గుడ్డిగా తీసిన 2,904 ముక్కలు పరీక్షిస్తే ఒక్కదానిలోనూ డిస్‌ప్లేసియా లేదు. నీలిరంగు చల్లి, మెల్లగా చూసుకుంటూ, అనుమానం వచ్చిన చోట తీసిన కాసిని ముక్కల్లోనే అది దొరికింది. రంగు చల్లడానికి సమయం పడుతుంది. ఇరవై నిమిషాలకొకరిని పిలిచే పట్టికలో ఆ సమయం దొరకదు. అందుచేత రోగి అడగవలసిన ప్రశ్న ‘చేయించుకోవాలా వద్దా’ అన్నది ఒక్కటే కాదు. పేగు శుభ్రంగా ఉందని రిపోర్టులో రాశారా? రంగు చల్లారా? పేగుపూతలో అనుభవమున్నవారు చూశారా? ఇవి అడగనివ్వని వైద్యుణ్ణి తిట్టండి, నేను కూడా కలుస్తాను.

మరొక నిజం కూడా ఒప్పుకోవాలి. పేగుపూత ఉన్నవారిని చీటీ వేసి రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు నిఘా పెట్టి, మరొక గుంపును వదిలేసి, ఎవరు ఎక్కువకాలం బతికారో చూసిన ప్రయోగం ఇంతవరకు లేదు. ఉన్న పరిశీలనలను 2017లో కాక్రేన్ సమీక్ష ఒకచోట చేర్చింది: నిఘాలో ఉన్నవారిలో క్యాన్సర్లు, క్యాన్సర్ మరణాలు తక్కువగా కనిపించాయి, సాక్ష్యం మాత్రం బలహీనం. నా మిత్రుడికి ఇదీ చెప్పాను. చెప్పకుండా ఒప్పించి ఉంటే అది వైద్యం కాదు, బేరం. రుజువు బలంగా లేదు గనుక వద్దు అనే హక్కు ఆయనకుంది. కానీ ‘రుజువు లేదు’ అనే మాటకు ‘ఉపయోగం లేదని రుజువైంది’ అని అర్థం చెప్పే హక్కు ఎవరికీ లేదు.

నేను కూడా వద్దనే సందర్భాలున్నాయి. పూత రెక్టంకే పరిమితమైనవారికి ఈ నిఘా అక్కరలేదు. ఎనభై దాటి, గుండె, ఊపిరితిత్తులు మొరాయిస్తున్న మనిషిని క్యాలెండరు చెప్పిందని ట్రాలీ ఎక్కించడం క్రూరత్వం. అక్కడ ఎరెన్‌రైక్ వాక్యం అక్షరాలా వర్తిస్తుంది. డిస్‌ప్లేసియా దొరికినా శస్త్రచికిత్స చేయించుకోనని ముందే తేల్చుకున్నవారికి వెతకడం దేనికి?

ఇక ప్రత్యామ్నాయాల పేరుతో తిరుగుతున్న మాటలు. ఇంగ్లండులో యాభై దాటినవారి ఇంటికి ఫిట్ అనే మల పరీక్ష కిట్ వస్తుంది. అది మామూలు జనానికి మంచి పరీక్ష. పేగుపూత ఉన్నవాడికి రక్తం ఎప్పుడైనా పడుతుంది గనుక పాజిటివ్ వస్తే దేనివల్లో తెలియదు. నెగటివ్ వస్తే చదునుగా దాగిన మచ్చ లేదని కాదు. కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష పేగులో మంట ఎంతుందో చెబుతుంది. నిజానికి ఎన్నో అనవసరపు కొలనోస్కోపీలను అది తప్పించింది, అందుకు దానికి దండం పెడతాను. క్యాన్సర్‌ను మాత్రం చూడలేదు. మన వాళ్ల వాట్సాప్ వైద్యంలో పేగుపూత ‘వేడి చేయడం’. సబ్జా గింజలు, మజ్జిగ. తాగండి, హాయిగా తాగండి. ఫోన్ చేసినాయన వాళ్ల పెద్దమ్మ “గొట్టం వేస్తే ఉన్న పేగు కూడా పాడవుతుందిరా” అన్నదట. ఆవిడ మాటలో నా ఇరవై రెండేళ్ల కిందటి తప్పు ఉంది కనుక నవ్వలేకపోయాను.

ఇక్కడ రాసింది అక్కడికి పోతుందని కూడా ఈమధ్య తెలుస్తోంది. ఆ సమీక్షను గుంటూరులో, వరంగల్లులో ఎవరెవరో పంచుకున్నారట. అక్కడివారికి ఇంకో మాట. మన దేశంలో పేగుల క్షయ, క్రోన్స్ వ్యాధి అన్నదమ్ముల్లా ఉంటాయి. అదే చోట, అదే పుండ్లు, అదే జ్వరం, అదే బరువు తగ్గడం. క్షయ ఉన్నవాడికి క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే క్షయ చెలరేగుతుంది; క్రోన్స్ ఉన్నవాడికి క్షయ మందులు మింగిస్తే నెలలు వృథా. నేను వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ రెండింటినీ ఊహతోనే విడదీసేవాళ్లం, చాలాసార్లు ఊహ తప్పేది. లోపలికి చూసి ముక్క తీయడం ఇప్పుడు జిల్లాల్లో కూడా కుదురుతోంది. ముక్క తీసినా ఒక్కోసారి తేలదు, నిజమే. తీయకపోతే అసలే తేలదు. అమెరికాలోని ఆరోగ్యవంతులు స్క్రీనింగ్‌తో విసిగి రాసుకున్న తిరుగుబాటు అక్కడ ఒక రోగ నిర్ధారణను ఆపితే, ఆ పాపంలో నా సమీక్షకు కూడా వాటా ఉంటుంది.

పాత సమీక్షను తీసేయడం లేదు. దాని కింద ఈ వ్యాసానికి దారి చూపిస్తూ ఒక వాక్యం చేర్చాను. పుస్తకం ఇప్పటికీ చదవదగినదే, రెండవ సగం తప్పకుండా.

మిత్రుడితో మూడుసార్లు మాట్లాడాను. నేను ఆయన వైద్యుణ్ణి కాదు, కాకూడదు కూడా. వాళ్ల ఆసుపత్రికి రాసుకొమ్మన్నాను. ఆయన ఒక పేజీ ఉత్తరం రాశారు. జబ్బు ఇప్పుడు అణిగి ఉందో లేదో ముందు మల పరీక్షతో చూస్తారా, రంగు చల్లి చూసే ఏర్పాటుందా, ఏ మందు తాగమంటారు, చిల్లు పడితే ఆ రాత్రి ఎవరు చూస్తారు, ఏమీ దొరక్కపోతే తర్వాతి పరీక్ష ఎన్నేళ్లకు, దేని ఆధారంగా. నర్సు ఒకరు ఫోన్ చేసి నలభై నిమిషాలు మాట్లాడిందట. పద్దెనిమిదేళ్లలో తనతో ఈ జబ్బు గురించి అంతసేపు ఎవరూ మాట్లాడలేదని ఆయన అన్నారు. వెళ్తానని రాసేశారు. తేదీ ఇంకా రాలేదు. ఇక్కడ తేదీలు ఎందుకు రావో మరోసారి రాస్తాను.